చిలుము, చిట్టెం, చరిత్ర

ఆలివెనైట్ అనే ఖనిజం ఒకటుంది. రాగి, ఆర్సెనిక్, ఆక్సిజన్, కాస్త నీటి అంశం కలిస్తే వచ్చే ముదురాకుపచ్చ స్ఫటికం. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ రాగి గనులు దీనికి పేరుపడ్డవి. రాగి, ఆర్సెనిక్ ఉన్న గంధక ఖనిజాలకు నేల పైపొరల్లో గాలీ, వాననీరూ తగిలితే అవి మెల్లగా కరిగి విడిపోతాయి. ఆ విడిపోయినవాటి నుంచి ఇది కొత్తగా పేరుకుంటుంది. అందుకే ద్వితీయ ఖనిజం అంటారు. అది దొరికిందంటే అక్కడ అంతకుముందు ఇంకేదో ఉండేదన్నమాట.

దీని దూరపు చుట్టం మనింట్లోనే ఉంది: ఇత్తడి చెంబుకి పట్టే చిలుము. అందులో ఆర్సెనిక్ ఉండదు, గాల్లోని కార్బన్ డయాక్సైడ్ ఆ పని చేస్తుంది. మనం చింతపండు పెట్టి తోమేస్తాం. జనగామ పక్కన పెంబర్తిలో విశ్వకర్మలు ఇత్తడి రేకు మీద బొమ్మలు తేలుస్తారు. కొనేవాళ్ళకి కావాల్సింది మెరుపే. వస్తువు ఎంతకాలం, ఎక్కడ, ఎలా బతికిందో చెప్పేది మాత్రం ఆ పచ్చటి పొరే.

చరిత్ర దగ్గరా మనం ఇలాగే చేస్తాం అనిపిస్తుంది నాకు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం అనగానే ఇనుప ఖనిజం గుర్తొస్తుంది. చరిత్ర చదివేవాళ్ళకి అక్కడి చెరువు శాసనం గుర్తొస్తుంది. 13వ శతాబ్దంలో గణపతిదేవుడి సోదరి మైలాంబ వేయించింది. కాకతీయుల వంశక్రమం మనకు తెలిసింది చాలావరకు దానివల్లే. బాగుంది. మరి తెలంగాణలో ఇనుము కరిగించినవాళ్ళ వంశక్రమం ఏ రాతి మీద ఉంది?

వాళ్ళు వదిలింది చిట్టెం. కొలిమిలో ఇనుము వేరయ్యాక మిగిలే నల్లటి గడ్డలు. 2010లో బెంగళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, బ్రిటన్ ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి వెతికింది వీటినే. కొలిమి ఎంత వేడెక్కిందో, ఏ ఖనిజం వాడారో గడ్డని కోసి చూస్తే తెలుస్తుంది.

భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఇవాళ దిగే కార్మికుడికి మస్టరుంది, జీతం చీటీ ఉంది, యూనియన్ ఉంది. రేపటి చరిత్రకారుడికి అతని పేరు దొరుకుతుంది. పాత కొలిమివాడికి చిట్టెం తప్ప ఇంకేం లేదు. దాన్నీ రోడ్డుకింద ఎత్తిపోస్తే, పొలం చదునులో కలిపేస్తే, అతను ఉన్నాడని చెప్పే ఒకే ఒక్క లాగ్ ఫైల్‌ని డిలీట్ చేసినట్టే. దానికి బ్యాకప్ లేదు.