కొండనడక – మిట్టపల్లాలు

హిమాలయాలకు వెళ్ళిన తెలుగు కావ్యనాయకుడెవరని అడిగితే బడిలో తెలుగు చదివిన ఎవరైనా ప్రవరుని పేరే చెబుతారు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో అరుణాస్పదపురవాసియైన ఆ గృహస్థు, సిద్ధుడిచ్చిన పాదలేపం కాళ్ళకు రాసుకొని, చూస్తుండగానే మంచుకొండ చేరాడు. వింతలన్నీ కన్నులారా చూశాడు. ఇంటికి వెళ్ళే వేళయిందని గ్రహించి కదలబోతే మంచుకు పసరు కరిగిపోయింది. ఇక కాళ్ళు కాళ్ళే!

ముప్పయ్యేళ్ళకు పైగా ఈ కథను తరగతి గదుల్లో చెప్పాను. పిల్లలు వరూధిని కోసం ఎదురుచూసేవారు. పరీక్షాపత్రం కూర్చేవారు హిమాలయ వర్ణన మీద ప్రశ్న వేసేవారు. నా మనసు మాత్రం ఆ కరిగిన లేపం దగ్గరే ఆగేది. కొండకు వెళ్ళే ఉపాయం దొరికింది, తిరిగివచ్చే ఉపాయం లేదు. కొండయాత్రల చరిత్ర మొత్తానికి ఇదే మూలమైన చిక్కు. ఎక్కిన తేదీలను లోకం భద్రంగా రాసుకుంటుంది. దిగివచ్చిన దారిని గురించీ, దారిలో మోసినవారిని గురించీ అంత శ్రద్ధగా రాసుకోదు. మన తెలుగువారి కొండనడకలను ఈ కోణంలో ఒకసారి చూద్దామని ఈ వ్యాసం.

మన ప్రాంతంలో దూరపు కొండనడక అంటే మొదట చెప్పవలసినది శ్రీశైలం. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణానికి ప్రకరణం పేరే పర్వత ప్రకరణం. అక్కడ పర్వతమంటే శ్రీపర్వతమే. ఆ యాత్రికుల గుంపులు, వారి నియమాలు, వారి పాటలు సోమనాథుడు చెప్పినంత వివరంగా మరొకరు చెప్పలేదు. ఆనాడు జనం పాడుకొనే పాటల జాతుల్లో తుమ్మెద పదాలతోపాటు పర్వత పదాలు కూడా ఉన్నాయని ఆయన వల్లనే మనకు తెలిసింది. కొండనడకకు ప్రత్యేకంగా ఒక పాటల జాతి ఉన్నదంటే ఆ నడక ఎంత పెద్దదో ఊహించండి. అలసటను పదిమందీ పంచుకోవడానికి పాట కావాలి కదా.

ఆ పాటలకు తోడు రాతిమెట్లు వచ్చాయి. పదునాలుగవ శతాబ్దంలో రెడ్డిరాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి, ఎఱ్ఱాప్రగడను ఆదరించిన ప్రభువు, శ్రీశైలానికీ అహోబలానికీ సోపానాలు కట్టించాడు. యుద్ధాల నడుమ రాజ్యం నిలబెట్టుకుంటున్న రాజు బాటసారి మోకాళ్ళను గురించి ఆలోచించాడన్న సంగతి నాకు ఆయన విజయాలన్నిటికంటె గొప్పగా తోస్తుంది.

ఆత్మకూరు వైపునుంచి నల్లమలలో సాగే పాతదారిలో నాగలూటి వీరభద్రాలయం, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం వరుసగా వస్తాయి. ఈ దారి కొండ ఎక్కి ఊరుకోదు. భీముని కొలను దగ్గర లోయ అడుగుకు దింపుతుంది. అక్కడినుంచి మళ్ళీ నిట్టనిలువుగా మెట్లెక్కి కైలాసద్వారం చేరాలి. అప్పటికే కాళ్ళు సడలిపోయినవాడికి, తాను కష్టపడి సంపాదించుకున్న ఎత్తంతా పోగొట్టుకొని మళ్ళీ మొదటినుంచి ఎక్కడమంటే గుండె జారిపోతుంది. శ్రీశైల యాత్రికులు "చేదుకో మల్లన్నా" అని కేకలు పెట్టడం మీరు వినే ఉంటారు. చేదడమంటే బావిలోనుంచి నీళ్ళు తోడడం. లోయ అడుగున నిలిచినవాడు తనను చేదతో పోల్చుకొని, తాడు పట్టి పైకి లాగమని దేవుణ్ణి అడుగుతున్నాడు. ఈ ఒక్క క్రియాపదంలో ఆ దారి ఆకారమంతా ఉంది.

ఈ దారిన వెళ్ళి వివరంగా రాసిపెట్టినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. తిరుపతి, కడప, అహోబలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు వచ్చి, అక్కడినుంచి నాగపురం దారిన ప్రయాగ, కాశీ, గయ చూసి, కలకత్తా నుంచి తూర్పుతీరం వెంట తిరిగివచ్చారు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాసిన లేఖలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో ఆ గ్రంథాన్ని పరిష్కరించి మళ్ళీ వెలుగులోకి తెచ్చారు.

ఆ పుస్తకంలో శిఖరాల ఊసు తక్కువ. ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి తావు దొరుకుతుంది, ఎక్కడ దారి రాతిగొట్టు, ఎక్కడ సుంకం కట్టాలి, ఇవే విషయాలు. శ్రీశైల యాత్రికుల వద్ద కందనూరు నవాబు తరఫున ఆత్మకూరులో వసూలయ్యే సుంకాలను కూడా ఆయన విడిచిపెట్టలేదు. తన వెనుక వచ్చేవాడికి ఏమి కావాలో ఎరిగినవాడి రాత అది.

అయితే ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. వీరాస్వామయ్యగారిది పల్లకీ ప్రయాణం. నడిచినవారు బోయీలు. ఒక భుజంనుంచి మరొక భుజానికి కొమ్ము మార్చుకుంటూ అంత దూరం మోసినవారు ఉత్తరాలు రాయలేదు. అడవిదారులన్నీ ఎరిగిన చెంచులూ రాయలేదు. వారు మల్లన్నను చెంచు మల్లయ్య అని తమవాడిగా చెప్పుకున్నారు, అహోబల నరసింహునికి తమ ఆడపడుచు చెంచులక్ష్మిని ఇచ్చామన్నారు. కొండను చుట్టరికంగా చూసినవారికి దానిని జయించామని చెప్పుకోవలసిన అవసరం కలగలేదు కాబోలు.

"కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అన్న సామెత పుట్టిన కాలమది. అందుకే నాటివారు అప్పులు తీర్చి, ఇల్లు అప్పగించి, అందరి దగ్గరా సెలవు తీసుకొని బయలుదేరేవారు. తిరిగివస్తే పండుగ. కాశీ సమారాధన చేసేది తిరిగివచ్చిన తరవాతే. యాత్ర ఇంటి గుమ్మం దగ్గర పూర్తవుతుందన్న స్పృహ వారికుంది.

తరవాత రోడ్లు పడ్డాయి. తిరుమలకు 1944లో ఘాట్ రోడ్డు వచ్చింది. కాలక్రమాన శ్రీశైలానికీ బస్సులు తిరిగాయి. ముసలివారికీ, రోగులకూ కొండ అందింది. అది గొప్ప మేలు, దానిని తక్కువ చేయను. కాని అప్పటినుంచి నడక గత్యంతరం లేని పని కాక, కోరి ఎంచుకొనే పని అయింది. శివరాత్రికీ ఉగాదికీ నల్లమల దారిన నేటికీ నడిచి వచ్చే రాయలసీమవారు, కన్నడిగులు మొక్కుకొని ఎంచుకున్నవారు. మరికొందరు మొక్కు లేకుండానే ఎంచుకున్నారు. వారి చరిత్ర వేరే.

1985లో భారతసైన్యపు ఎవరెస్టు యాత్రలో అయిదుగురు అధికారులు మరణించారు. వారిలో లెఫ్టినెంట్ ఎం.యు.బి. రావు ఒకరు. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాల పూర్వవిద్యార్థి. అదే పాఠశాలలో చదివిన నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం గ్రామపు పిల్లవాడు మల్లి మస్తాన్‌బాబు ఆయన స్ఫూర్తితోనే కొండలవైపు మళ్ళాడు. 1974లో పుట్టిన మస్తాన్‌బాబు జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్, కలకత్తాలలో పెద్దచదువులు చదివాడు. నడుమ సత్యం కంప్యూటర్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేశాడు. అంటే ఈ సైబరాబాదు కథలోనూ అతనికి చోటుంది.

2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరంతో మొదలుపెట్టి జులై 10న అలాస్కాలోని దెనాలితో ముగించి, 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కాడు. మే 21న ఎవరెస్టు. గురువారం, శుక్రవారం, బుధవారం, శనివారం, ఆదివారం, మంగళవారం, సోమవారం. ఏడు శిఖరాలకు ఏడు వేర్వేరు వారాలు కలిసివచ్చాయి. 2015 మార్చి 24 తరవాత, చిలీ, అర్జెంటీనా సరిహద్దున ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా ఉన్న అతని జాడ తెలియలేదు. ఆ రోజుల్లోనే చిలీ ఉత్తరభాగాన్ని పెనుతుఫాను, వరదలు ముంచెత్తాయి. ఏప్రిల్ మొదటివారంలో మృతదేహం కనిపించింది. అదే నెలలో సొంతవూరు చేర్చారు. ఊరు ఊరంతా ఎదురువెళ్ళింది. అతని ఏడు తేదీలూ కంఠస్థంగా చెప్పే పిల్లలున్నారు. ఆ నెలరోజులూ ఆ ఇంటివారు ఎలా గడిపారో ఏ పుస్తకమూ చెప్పదు.

అంతకు ముందటి ఏడాదే, 2014 మే 25న, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్టు చేరింది. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆమెతో ఉన్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. శిక్షణలో తొలిపాఠం భువనగిరి ఏకశిల మీద, శేఖర్‌బాబు బాచినేపల్లి దగ్గర. చాళుక్యుల నాటి కోటను మోస్తున్న ఆ గుండు హైదరాబాదుకు ఏబది కిలోమీటర్లలోపే. అక్కడ ఎక్కడంతోపాటు తాడు పట్టి దిగడం కూడా నేర్పుతారన్న సంగతి గుర్తుంచుకోవాలి. దారిలో మృతదేహాలు చూశానని పూర్ణ తరవాత చెప్పింది. ఆ పిల్లలు టిబెట్ వైపునుంచి ఎక్కారు. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుచరియ విరిగి 16 మంది స్థానిక సిబ్బంది మరణించారు. వారిలో ఎక్కువమంది షెర్పాలు. ఇతరుల యాత్రకు దారి సిద్ధం చేస్తూ, బరువులు మోస్తూ పోయినవారు వారు. పల్లకీ బోయీలు మళ్ళీ గుర్తుకు రాక తప్పదు.

ఇక నేనుంటున్న తావు సంగతి. ఉద్యోగ విరమణానంతరం కుమారుని వద్ద కొండాపూరులో ఉంటున్నాను. పేరులోనే కొండ. పక్కన గుట్టల బేగంపేట, ఆవల ఖాజాగూడ గుట్టలు. ఇక్కడి గుండ్లు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన తరవాత ఈ గుట్టల్లో ఎన్నో పేలిపోయి పునాదులయ్యాయి. హిమాలయాల వయసు ఇందులో నూటికి రెండుపాళ్ళు మాత్రమే. ఉన్న పెద్దకొండలను పిండిచేసుకొని చిన్నవయసు కొండలను చూడటానికి విమానం ఎక్కుతున్నామన్నమాట! మిగిలిన ఖాజాగూడ గుట్టల మీద ఆదివారం ఉదయం ఇక్కడి ఉద్యోగులు నడుస్తూ కనిపిస్తారు. పగలంతా కుర్చీకి అతుక్కుపోయే పిల్లలు అంతమాత్రం నడవడం చూస్తే సంతోషంగా ఉంటుంది.

వారిలో కొందరు అక్కడితో ఆగరు. సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాదులో తెల్లవారుజామున బయలుదేరి, ఢిల్లీలో విమానం మారి, పగటివేళకే 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో దిగుతారు. పాదలేపానికి ఇంతకంటె మంచి పోలిక నాకు దొరకలేదు. ఎత్తుకు పోయేకొద్దీ గాలిలో ప్రాణవాయువు పాలు మారదు, గాలి ఒత్తిడి తగ్గుతుంది. 5,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో సగం, ఎవరెస్టు కొనమీద మూడోవంతు. శరీరం దానికి అలవాటు పడటానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకొనే చోటు ముందురాత్రి కంటె 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదని వైద్యుల మాట. తలనొప్పి, వాంతి, తూలు కనిపించి తగ్గకపోతే మందులకంటె ముందు చేయవలసినది దిగడం. వ్యాయామశాలలో పెంచిన కండ ఇక్కడ అక్కరకు రాదు. బలిష్ఠులే తొందరపడి ముందు పడిపోతారు.

మా భవనంలోనే ఉండే ఒక యువకుడు నిరుడు హిమాలయాల్లో ఒక కనుమకు వెళ్ళి, మరి రెండువందల మీటర్లు ఎక్కితే చేరుతాడనగా తలతిరిగి వెనుదిరిగాడు. తోడు వచ్చిన కొండజాతి మనిషి అతని సంచి కూడా తానే మోస్తూ, చెయ్యి పట్టుకొని కిందికి దింపాడట. వచ్చినప్పటినుంచి కుర్రవాడు ముఖం చాటేశాడు. మిత్రులందరి ఫొటోలూ ఉన్నాయి, తనది లేదు. ఒకనాడు మెట్ల దగ్గర ఎదురుపడితే నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. "నాయనా, నిన్ను దింపినాయన పేరేమిటి?"

కాసేపు ఆలోచించాడు. "తెలియదు మాస్టారూ. భయ్యా అనే పిలిచాం," అన్నాడు. పదిరోజుల తరవాత తలుపు తట్టి, యాత్ర ఏర్పాటు చేసినవారికి ఫోను చేసి ఆ పేరు కనుక్కున్నానని, ఆయనతో మాట్లాడానని చెప్పి వెళ్ళాడు. కనుమ పేరు నేను మళ్ళీ అడగలేదు, అతనూ చెప్పలేదు.

మిత్రులారా, మీ ఇళ్ళలో రోడ్లు పడకముందు శ్రీశైలమో, అహోబలమో, తిరుమలో నడిచివెళ్ళిన పెద్దల మాటలు ఇంకా చెవిన పడుతుంటే దయచేసి రాసి ఉంచండి. ఏ మజిలీలో ఆగారో, ఎవరు అన్నం పెట్టారో, ఎవరు మోశారో, ఎలా తిరిగివచ్చారో రాయండి. ఎక్కిన సంగతి ఎలాగూ వారే చెబుతారు. దిగిన సంగతి మాత్రం మనం అడగాలి.