మునిగి మోసే ఓడ

2000 అక్టోబర్ 12న యెమెన్‌లోని ఏడెన్ రేవులో, పేలుడు పదార్థాలు నింపిన చిన్న పడవ ఒకటి అమెరికా యుద్ధనౌక కోల్ పక్కకు వచ్చి పేలింది. 17 మంది నావికులు చనిపోయారు. ఎడమ పక్కన పెద్ద కన్నం పడ్డ ఆ నౌకను స్వదేశం చేర్చే పని బ్లూ మార్లిన్ అనే ఓడకు దక్కింది.

బ్లూ మార్లిన్‌కు ముందు వైపు కేబిన్లుంటాయి. వాటి వెనకంతా ఆటస్థలంలాంటి డెక్కు. ట్యాంకుల్లోకి సముద్రపు నీరు ఎక్కించగానే డెక్కు మునుగుతుంది. టగ్గులు సరుకును మెల్లగా దాని మీదికి తెస్తాయి. తర్వాత నీటిని బయటికి తోడేస్తారు. డెక్కు పైకి లేస్తూ, ముందే కొలత ప్రకారం పేర్చిన కొయ్య దిమ్మెల మీద సరుకును నిలుపుతుంది. క్రేన్‌తో పనే లేదు.

ఇది అప్పటికే తెలిసిన పద్ధతి. 1988లో పర్షియన్ గల్ఫ్‌లో మైన్ తగిలి దెబ్బతిన్న అమెరికా యుద్ధనౌక శామ్యూల్ బి. రాబర్ట్స్‌ను మైటీ సర్వెంట్ 2 అనే ఓడ ఇలాగే మోసుకెళ్లింది. ఆ మైటీ సర్వెంటే 1999లో ఇండోనేషియా దగ్గర బోల్తా పడింది. ఐదుగురు చనిపోయారు.

కోల్ డిసెంబర్‌లో మిసిసిపి తీరం చేరింది.

2003లో బ్లూ మార్లిన్ వెడల్పును 42 మీటర్ల నుంచి 63 మీటర్లకు పెంచారు. మరుసటి ఏడాది అది దక్షిణ కొరియా నుంచి టెక్సస్‌కు సుమారు 60 వేల టన్నుల థండర్ హార్స్ చమురు వేదికను తెచ్చింది. టెక్సస్ నుంచి హవాయికి భారీ రాడార్ వేదికను తీసుకెళ్లినప్పుడు పనామా కాలువలో పట్టక, బ్లూ మార్లిన్ దక్షిణ అమెరికా అంతా చుట్టి 2006 జనవరిలో పెర్ల్ హార్బర్ చేరింది.