ఇంగ్లీషు తరగతిలో ముస్లిం విద్యార్థి: పందొమ్మిదో శతాబ్దపు అనుభవం

ఒక వర్గానికి చదువంటే సహజంగానే ఆసక్తి ఉంటుందనీ, మరొక వర్గానికి ఉండదనీ చెప్పేవారు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. భారతీయ ముస్లిముల విషయంలో ఈ మాట మరీ తరచుగా వినవస్తుంది. వారు మతకారణంగా ఇంగ్లీషును ద్వేషించారనీ, అందుచేతనే వెనుకబడిపోయారనీ చాలామంది తేలికగా తీర్మానిస్తారు. ఈ తీర్మానం ఎంతవరకు సబబు? ఢిల్లీ, కలకత్తా, అలీగఢ్, హైదరాబాదు నగరాల్లోని విద్యాసంస్థల చరిత్రను పక్కపక్కన పెట్టి పరిశీలిస్తే సమాధానం దొరుకుతుంది.

ముందుగా ధర్మశాస్త్రం మాట. షా వలీయుల్లా కుమారుడు షా అబ్దుల్ అజీజ్ (1746–1824) ఆనాటి ఢిల్లీ ఉలమాలలో అగ్రగణ్యుడు. ఇంగ్లీషు నేర్చుకోవచ్చునా అని అడిగినవారికి ఆయన, దురుద్దేశం లేనంతవరకు ఆ భాషను చదవడం, రాయడం ధర్మసమ్మతమేనని ఫత్వా ఇచ్చారు. అంటే ఢిల్లీలో ఇంగ్లీషు తరగతి తెరవకముందే ధార్మికమైన అనుమతి లభించింది. అయినా విద్యార్థులు సంకోచించారంటే దానికి కారణం వేరేచోట వెదకాలి.

అజ్మేరీ దర్వాజా వద్దనున్న ఘాజియుద్దీన్ మదరసాలో 1825లో ఢిల్లీ కళాశాల ఏర్పడింది. 1828లో దానికి ఇంగ్లీషు విభాగం చేర్చారు. ఇంగ్లీషు విభాగంలో ముస్లిం విద్యార్థుల సంఖ్య స్వల్పంగానే ఉండేది. అయితే ప్రాచ్య విభాగంలో జరిగినది గమనార్హం. అక్కడ అరబ్బీ, ఫారసీలతో పాటు గణితం, ఖగోళం వంటి నవీన శాస్త్రాలను ఉర్దూలో బోధించారు. అందుకోసం ఇంగ్లీషు గ్రంథాలను అనువదింపజేశారు. భూమి విశ్వానికి స్థిరకేంద్రమన్న పాత సిద్ధాంతాన్ని పై తరగతుల విద్యార్థులు నవ్వులాటగా తీసుకునేవారని అక్కడ గణితం బోధించిన మాస్టర్ రామచంద్ర రాసుకున్నారు. ఆ కళాశాలలో చదివిన జకావుల్లా తర్వాతి కాలంలో ఉర్దూలో ఎన్నో గణిత పాఠ్యగ్రంథాలు రచించారు. కొత్త విజ్ఞానం పట్ల విముఖత ఉన్న సమాజంలో ఇది సంభవం కాదు. విద్యార్థి వెనుకాడినది విజ్ఞానం నుంచి కాదు, అది వచ్చిన ద్వారం నుంచి.

ఆ ద్వారం వెనుక మతమార్పిడి ఉన్నదనే భయం ఉండేది. 1852లో మాస్టర్ రామచంద్ర, ఆ కళాశాల పూర్వవిద్యార్థి అయిన డాక్టర్ చిమన్‌లాల్ క్రైస్తవం స్వీకరించారు. నగరమంతా కలవరం చెలరేగింది. ఎందరో తల్లిదండ్రులు పిల్లలను కళాశాల మాన్పించారు. మతం మారిన వారిద్దరూ పుట్టుకతో హిందువులు. పిల్లలను మాన్పించినవారిలో హిందువులు కూడా ఉన్నారు. భయం ఒకటే అయినప్పుడు ప్రవర్తన కూడా ఒకటే అయింది.

నజీర్ అహ్మద్ జీవితం దీనికి మరొక నిదర్శనం. ఉర్దూ నవలకు ఆద్యుడిగా పేరొందిన ఆయన ఢిల్లీ కళాశాలలో అరబ్బీ విద్యార్థి. తండ్రి గట్టిగా అడ్డుచెప్పడంతో ఇంగ్లీషు విభాగంలో చేరలేదు. ఉద్యోగంలో ప్రవేశించిన తర్వాత అదే భాషను సొంతంగా అభ్యసించి, భారత శిక్షాస్మృతిని ఉర్దూలోకి తెచ్చిన అనువాదంలో ప్రధానపాత్ర వహించారు. తర్వాత హైదరాబాదు సంస్థానంలో సాలార్‌జంగ్ కొలువులో ఉన్నతోద్యోగం చేశారు. పదిహేనేళ్ల కుర్రవాడికి నిషిద్ధమైన భాష ఎదిగిన మనిషికి పనిముట్టయింది. మనిషీ మతమూ మారలేదు, అవసరం స్పష్టమైంది, అంతే.

ఇక కలకత్తాకు వద్దాం. వారన్ హేస్టింగ్స్ 1781లో స్థాపించిన మదరసాలో 1826లో ఇంగ్లీషు తరగతి ప్రారంభించారు. ఆశించిన ఫలితం రాలేదు. అదే నగరంలో 1817లో వెలసిన హిందూ కళాశాల విద్యార్థులు ఇంగ్లీషులో ఆరితేరారు. ఈ తేడాను ఆయా మతాల స్వభావానికి ముడిపెట్టినవారు ఒక సంగతి విస్మరించారు. మొగలాయి పాలనలో కాయస్థాది హిందూ కుటుంబాలు ఉద్యోగం కోసం ఫారసీ నేర్చినవే. ఆ కుటుంబాల దృష్టిలో ఇంగ్లీషు రావడం ఒక రాజభాష స్థానంలో మరొకటి రావడమే. ముస్లిం కులీన కుటుంబానికి ఫారసీ కేవలం కొలువు భాష కాదు. సాహిత్యం, మర్యాద, ధార్మిక గ్రంథాలు దానితో పెనవేసుకొని ఉన్నాయి. ఒకరు మార్చుకున్నది పనిముట్టు, మరొకరిని వదులుకోమన్నది వారసత్వం.

ప్రభుత్వపు తీరు కూడా ఈ బాధకు తోడయింది. 1835లో బెంటింక్ ప్రభుత్వం ప్రాచ్యవిద్యార్థులకు కొత్తగా భృతులు ఇవ్వరాదని నిర్ణయించగా, కలకత్తా ముస్లిములు ఎనిమిది వేలకు పైగా సంతకాలతో అర్జీ పెట్టుకున్నారు. 1837లో ఫారసీ అధికార భాష హోదా కోల్పోయింది. 1844లో ఇంగ్లీషు చదివినవారికి ఉద్యోగాల్లో ప్రాధాన్యం ప్రకటించారు. పదేళ్ల లోపలే మూడు దెబ్బలు తగిలాయి. 1871లో హంటర్ ప్రచురించిన పట్టికలో బెంగాల్ గెజిటెడ్ ఉద్యోగులు 2,111 మంది. వారిలో ఐరోపావారు 1,338, హిందువులు 681, ముస్లిములు 92 మాత్రమే.

అయితే హంటర్ లెక్కలు బెంగాల్‌కు చెందినవి. వాటిని దేశమంతటికీ వర్తింపజేయడం పొరపాటు. అదే కాలంలో వాయవ్య రాష్ట్రాల్లో, అంటే నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో, ముస్లిములు దిగువ పాలనా, న్యాయశాఖల్లో జనాభాలో తమ పాలును మించి ఉద్యోగాలు నిర్వహిస్తున్నారు. అక్కడ ఫారసీ పోయిన తర్వాత కచేరీలలో ఉర్దూ నిలిచింది. కాబట్టి వారికి జీవిక తెగలేదు. రెండు చోట్లా ధర్మం ఒకటే, పరిస్థితి వేరు. మతమే మూలకారణమైతే ఈ భేదం ఎలా వస్తుంది?

ఈ పాఠాన్ని బాగా గ్రహించినవారు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్. 1864లో ఘాజీపూర్‌లో సైంటిఫిక్ సొసైటీ స్థాపించి ఆయన మొదట అనువాదాలనే నమ్ముకున్నారు. తర్వాత ఇంగ్లీషు మాధ్యమం వైపు మొగ్గారు. 1875 మే 24న అలీగఢ్‌లో పాఠశాల ప్రారంభమైంది, 1877లో లార్డ్ లిట్టన్ కళాశాలకు శంకుస్థాపన చేశారు. సిలబస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయానిదే. మారినది వాతావరణం. అక్కడ నమాజు ఉంది, సున్నీ, షియా విద్యార్థులకు వేర్వేరుగా ధార్మిక బోధన ఉంది. వసతిగృహం, క్రికెట్టు ఉన్నాయి. 1884లో యూనియన్ క్లబ్ ఏర్పడి, విద్యార్థులు లేచి నిలబడి ఇంగ్లీషులో వాదించడం అలవాటు చేసుకున్నారు. ఆ భాషకు దూరంగా ఉంటారనుకున్న కుటుంబాల బిడ్డలే వక్తలయ్యారు. తమ విశ్వాసాన్ని గుమ్మం బయట వదిలి రానక్కరలేదన్న భరోసా తల్లిదండ్రులకు కలిగింది.

మన హైదరాబాదు అనుభవం మరో కోణం చూపుతుంది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనామాధ్యమం చేసి, ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యభాషగా ఉంచింది. ఉర్దూ ఇంటిభాష అయిన విద్యార్థికి ఇది మేలైన ఏర్పాటు. శాస్త్రాన్ని తన భాషలో ఆకళించుకొని, ఇంగ్లీషును భాషగా నేర్చుకున్నాడు. కాని సంస్థానంలో మిగతా ఏ భాషకన్నా ఎక్కువ మందికి మాతృభాష తెలుగు. పల్లె నుంచి వచ్చిన తెలుగు విద్యార్థికి ఉర్దూ, ఇంగ్లీషు రెండూ నేర్చి తీరవలసిన పరభాషలే. కలకత్తా మదరసా విద్యార్థి అనుభవించిన ఇబ్బందినే ఇక్కడ తెలుగు బాలుడు అనుభవించాడు. పాలించేవారు ఎవరైనా ఈ న్యాయం ఒక్కటే. ఈ సంగతి ఒప్పుకోకుండా మొదటి అన్యాయం గురించి మాత్రమే మాట్లాడడం చరిత్రకు ద్రోహం.

విద్యార్థి ఆసక్తి అతని రక్తంలోనో మతంలోనో ఉండదు. ఈ చదువు నన్ను ఎక్కడికి చేరుస్తుంది, దీనికోసం నేను ఏమి పోగొట్టుకోవాలి అనే రెండు ప్రశ్నలకు అతని ఇల్లు చెప్పుకునే జవాబులో ఉంటుంది. బెంగాల్‌లో మొదటి జవాబు అస్పష్టంగా, రెండవది భయంకరంగా ఉండింది. అలీగఢ్‌లో రెండూ మారాయి, విద్యార్థీ మారాడు. తరగతిలో మౌనంగా కూర్చున్న పిల్లవాణ్ణి చూసి వీరికి ఇంగ్లీషు అబ్బదని తీర్మానించే ఉపాధ్యాయుడు, అతని ఇంట్లో ఈ రెండు ప్రశ్నలకు ఏ జవాబు ఉన్నదో ముందుగా విచారించడం న్యాయం.