రక్తనాళాల శస్త్రచికిత్సలో సెలైన్: చరిత్ర

పెద్ద రక్తనాళాలకు ఆపరేషన్ చేసేటప్పుడూ ఆ తర్వాతా సిరలోకి ఎక్కించే ద్రవాలు రక్తపోటును నిలబెడతాయి, మూత్రపిండాలను కాపాడతాయి. మోతాదు మించితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అందుకే సెలైన్ కూడా మోతాదు చూసి ఇవ్వాల్సిన మందే.

ఈ వైద్యం కలరాతో మొదలైంది. 1832లో స్కాట్లండ్‌లోని లీత్‌లో థామస్ లాటా, నాడి అందని కలరా రోగులకు ఉప్పునీరు ఎక్కించాడు. ఆ రోగుల రక్తంలో నీరు, లవణాలు తగ్గిపోతున్నాయని తేల్చి ఆయనకు దారి చూపిన విలియం ఓషానెసీ తర్వాత కలకత్తాలో పనిచేశాడు. 1880లలో సిడ్నీ రింగర్ తయారుచేసిన ద్రావణానికి 1930లలో అలెక్సిస్ హార్ట్‌మన్ లాక్టేట్ చేర్చాడు. నేటి ఆర్.ఎల్. (రింగర్ లాక్టేట్) సీసాకు మూలం అదే.

ఇక రక్తనాళాల ఆపరేషన్ల విషయానికొస్తే, 1951లో పారిస్‌లో చార్లెస్ డ్యుబోస్ట్, పొట్టలో ఉబ్బిన బృహద్ధమని భాగాన్ని తీసేసి దాత నాళాన్ని అమర్చాడు. ఇలాంటి ఆపరేషన్లో ధమనికి క్లాంప్ వేసినంతసేపూ కాళ్లకు రక్తం సరిగా అందదు. క్లాంప్ తీయగానే రక్తం ఒక్కసారిగా కిందికి మళ్లి బీపీ పడిపోతుంది. కాబట్టి మత్తు డాక్టరు ముందే ద్రవాలు ఎక్కించి ఉంచుతాడు, సర్జన్ క్లాంప్‌ను మెల్లమెల్లగా వదులుతాడు.

1960లలో అమెరికా సర్జన్ టామ్ షైర్స్ పరిశోధనల ప్రభావంతో ద్రవాలను ధారాళంగా ఇవ్వసాగారు. 2003లో డెన్మార్క్ అధ్యయనం, పెద్దపేగు ఆపరేషన్లలో ద్రవాలు తగ్గిస్తే ఇబ్బందులూ తగ్గాయని చూపింది. అయితే 2018లో పొట్టకు పెద్ద ఆపరేషన్లు జరిగిన దాదాపు 3,000 మందిని పరిశీలిస్తే, ద్రవాలను బాగా తగ్గించినవారిలో 8.6 శాతం మందికి, ధారాళంగా ఇచ్చినవారిలో 5 శాతం మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.

నాళం తెగి రక్తం పోతున్నప్పుడు లెక్క వేరు. ఛాతీకి, పొట్టకు కత్తిపోట్లు, తూటా గాయాలు తగిలినవారికి రక్తస్రావం ఆపకముందే సెలైన్ పోయడం మేలు చేయదని 1994లో హ్యూస్టన్ వైద్యులు చూపారు. బీపీ పెరిగితే గడ్డకట్టిన రక్తం కదిలిపోతుంది, ఉన్న రక్తమూ పలచబడుతుంది. మక్తల్ లాంటి దూరపు ఊరి నుంచి మహబూబ్‌నగర్ మీదుగా హైదరాబాద్ చేరాల్సిన క్షతగాత్రుడికి ఇది ప్రాణం మీది మాట.

ఆపరేషన్ తర్వాత నర్సు గంటగంటకూ మూత్రం కొలుస్తుంది. సాధారణంగా కిలో బరువుకు గంటకు కనీసం అర మిల్లీలీటరు రావాలి. రెండు మూడు రోజులకు, కణజాలంలోకి చేరిన నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడు డ్రిప్ తగ్గిస్తారు, రోగి నోటితో తాగగలిగితే ఆపేస్తారు.