చెత్తకుప్పలో దొరికిన బేరి

1888లో జపాన్‌లోని చిబా ప్రాంతంలో, ఇప్పుడు మత్సుదో పట్టణం ఉన్నచోట, పదమూడేళ్ల కుర్రాడొకడు చెత్తకుప్పలో మొలిచిన బేరి మొక్కను చూశాడు. ఆ కుర్రాడి పేరు మత్సుదో కాకునొసుకె. మొక్కను తెచ్చి ఇంటి తోటలో నాటుకున్నాడు. పదేళ్లకు కాసింది. పలచటి తోలు, లేతపచ్చ రంగు, కొరికితే నోటినిండా రసం. రాబోయే కాలమంతా ఈ పండుదేనన్న నమ్మకంతో 1904లో ‘నిజిస్సెయికి’ అని పేరు పెట్టారు. ఇరవయ్యో శతాబ్దం అని అర్థం. అదే ఏడు పది మొక్కలు తొత్తొరి ప్రాంతానికి చేరాయి. ఇప్పుడు తొత్తొరి అనగానే జపానీయులకు బేరిపండే గుర్తొస్తుంది.

అంత మంచి చెట్టుకూ ఒక శత్రువుంది, నల్లమచ్చ తెగులు. కాయలు నల్లబడి, పగిలి, రాలిపోయేవి. రైతులు కాయకాయకూ మైనపు కాగితం సంచి తొడిగారు, మందు మీద మందు కొట్టారు. విచిత్రమేమంటే, ఈ తెగులు తెచ్చే బూజు విడిచే విషం కొన్ని బేరి రకాలనే దెబ్బతీస్తుంది. దానికి లొంగిపోయే గుణం ఒకే ఒక్క జన్యువు వల్ల వస్తుందని తర్వాత తేలింది.

మరి తెగులును తట్టుకునే రకంతో సంకరం చేస్తే సరిపోదా? గింజ నుంచి వచ్చే పిల్లకు తల్లి రుచే రావాలని లేదు. రైతుకు కావలసింది అదే పండు, ఆ ఒక్క బలహీనత లేకుండా. అందుకే జన్యువులను మార్చగల కిరణాల వైపు చూశారు.

ఇబరాకి ప్రాంతంలోని ఒమియాలో 1960లో వికిరణ ప్రజనన సంస్థ వెలిసింది. వంద మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రటి పొలం, నడిమధ్యన కోబాల్ట్-60. చుట్టూ నాటిన మొక్కల మీద దాని గామా కిరణాలు రోజూ పడుతుండేవి. నిజిస్సెయికి మొక్కలను 1962లో అక్కడ నాటారు. కిరణాలు ఏ జన్యువును మారుస్తాయో ముందు చెప్పలేం, ఎదురుచూడాల్సిందే. పంతొమ్మిదేళ్లు గడిచాయి. 1981లో, కేంద్రానికి 53 మీటర్ల దూరంలో ఉన్న చెట్టుకు ఒకే ఒక్క కొమ్మ తెగులు లేకుండా కనిపించింది. అన్నేళ్లపాటు చెట్టుచెట్టునూ చూడటం మానని ఆ కళ్లకు దండం పెట్టాలి.

ఆ కొమ్మ నుంచి అంట్లు కట్టి, 1990లో ‘గోల్డ్ నిజిస్సెయికి’ని విడుదల చేశారు. అది తెగులును చాలావరకు తట్టుకుంటుంది. ఈలోగా వెతికే పద్ధతీ మారింది. ఆకు ముక్కకు బూజు విషం తగిలించి చూస్తే చాలు, లొంగేది నల్లబడుతుంది, తట్టుకునేది పచ్చగా మిగులుతుంది. ‘కొతొబుకి షిన్సుయి’, ‘ఒసా గోల్డ్’ రకాలు అలా దొరికినవే.

తొత్తొరి తోటల్లో మందు కొట్టడం తగ్గింది. సంచులు మాత్రం ఇప్పటికీ తొడుగుతారు, ఆ లేతపచ్చ తోలు మచ్చలేకుండా మెరవాలని.