దొరికిన చోటు రాసిపెట్టడం

ఫేస్‌బుక్ 2014 జూలైలో 'సేవ్' సదుపాయం పెట్టింది. ఇన్‌స్టాగ్రామ్ అదే పని 2016 డిసెంబరులో చేసి, సేవ్ చేసుకున్నవాటిని విడివిడి కట్టలుగా పెట్టుకునే 'కలెక్షన్లు' 2017 ఏప్రిల్‌లో చేర్చింది. ముందు దాచుకోమన్నారు, నాలుగు నెలలు పోయాక సర్దుకోమన్నారు. మనుషులు ఏది పోగుచేసినా వరస ఇదే. ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్‌లో, మ్యూజియం పెట్టినప్పటి నుంచి శాసనాల జాబితా వచ్చేదాకా, ఈ వరస పూర్తి కావడానికి నలభై ఏళ్లు పట్టింది. ఆ నలభై ఏళ్ల కథ తెలిస్తే, వందల కొద్దీ పోస్టులు సేవ్ చేసుకుని, కావలసిన రోజున ఒక్కటీ పట్టుకోలేకపోవడం మన బద్ధకం వల్ల మాత్రమే కాదని అర్థమవుతుంది. దాచడం ఒక పని, దొరికేలా చేయడం ఇంకో పని. మొదటిదానికి పెట్టె చాలు. రెండోదానికి ఒక మనిషి కూర్చుని ప్రతి వస్తువు పక్కనా నాలుగు మాటలు రాయాలి: ఇది ఎక్కడ దొరికింది, ఎప్పటిది, ఎవరిది, ఎందుకు ఉంచాం. ఆ నాలుగు మాటలు లేకపోతే దాచినదానికీ పారేసినదానికీ ఆట్టే తేడా ఉండదని నా వాదన.

రాయ్‌పూర్ మ్యూజియాన్ని 1875లో రాజ్‌నాంద్‌గావ్ సంస్థానాధిపతి మహంత్ ఘాసీదాస్ పెట్టించాడు. ఆ వంశం వాళ్లు బైరాగులు, అందుకే పాలకుడి పేరుకు ముందు మహంతు. దేశంలోని పాత మ్యూజియాల్లో ఇదొకటి. ఇప్పుడున్న భవనం రాణీ జ్యోతిదేవి, ఆమె కుమారుడు దిగ్విజయ్ దాస్ చలవతో వచ్చింది. 1953లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. సిర్పూర్, మల్హార్, రతన్‌పూర్ లాంటి చోట్ల నుంచి విగ్రహాలు, శాసనాలు ఇక్కడికి చేరాయి. వాటిలో సిర్పూర్ లక్ష్మణ ఆలయం దగ్గర శిథిలాల్లో బయటపడ్డ రాతి శాసనం ఒకటి. రాజు మహాశివగుప్త బాలార్జునుడి తల్లి వాసట, చనిపోయిన భర్త హర్షగుప్తుడి జ్ఞాపకార్థం విష్ణువుకు గుడి కట్టించిందని, దాని నిర్వహణకు ఊళ్లు ఇచ్చారని అందులో ఉంది. మహానది ఒడ్డున ఇటుకలతో లేచిన ఆ గుడి ఇప్పటికీ నిలిచే ఉంది. శాసనం మాత్రం రాయ్‌పూర్‌లో ఉంది. ఏ శాసనమైనా 'ఈ గుడి' అనే అంటుంది. రాయి కదలకుండా ఉన్నంతకాలం 'ఈ' అన్న మాట చాలు. రాయిని బండికెత్తాక ఆ మాటకు అర్థం పోతుంది. అది ఏ ఊళ్లో, ఏ గుడి పక్కన దొరికిందో ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే, మ్యూజియంలో ఒక రాణి పేరు మిగులుతుంది, సిర్పూర్‌లో కట్టించినవాళ్ల పేరు తెలియని గుడి మిగులుతుంది. రెండూ భద్రంగానే ఉంటాయి, కానీ ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు.

అలా రాసిపెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు రాయ్ బహదూర్ హీరాలాల్. 1867లో ఇప్పటి కట్నీలో పుట్టిన ఆయన సెంట్రల్ ప్రావిన్సెస్ ప్రభుత్వ ఉద్యోగి. జనాభా లెక్కల దగ్గర్నుంచి కులాల సర్వే దాకా సర్కారు ఏ పని చెప్పినా, ఆ పనితో పాటే ఊరూరా శాసనాల ఆరా తీసేవాడు. వాసట శాసనాన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల పత్రికలో ప్రకటించింది ఆయనే. 1916లో నాగపూర్ నుంచి వెలువడిన ఆయన పుస్తకం సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ శాసనాల వివరణాత్మక జాబితా. ప్రతిభ చూపించుకునే పుస్తకం కాదది. జిల్లాల వారీగా శాసనం పేరు, అది ఉన్న చోటు, అందులోని సంగతి కొద్ది మాటల్లో, ఎవరైనా ముందే ప్రకటించి ఉంటే ఎక్కడ ప్రకటించారో, అంతే. కానీ మిరాశీ లాంటి పండితులు తర్వాత ఈ ప్రాంతపు రాజవంశాల చరిత్రను పేర్చుకుంటూ వెళ్లింది ఈ జాబితా వేసిన దారి మీదే. 1926లో ఆయనే సంస్కృత, ప్రాకృత రాతప్రతుల కేటలాగు కూడా తెచ్చాడు. రాతప్రతులు ఎవరి ఇళ్లలో వాళ్లవి ఉండిపోయాయి. ఏది ఎవరింట్లో ఉందన్న సంగతి మాత్రం ఒక పుస్తకంలోకి వచ్చింది. వస్తువును చేతిలోకి తీసుకోకుండానే దాన్ని దొరికేలా చేయవచ్చని అప్పట్లోనే ఋజువైంది. మన తెలుగువాళ్లకు ఈ జాబితాతో ప్రత్యేకంగా పని ఉంది: బస్తర్‌లోని బార్సూర్‌లో నాగవంశీ రాజుల కింద ఉన్న చంద్రాదిత్యుడనే తెలుగు చోడుడు 11వ శతాబ్దిలో చెరువు తవ్వించి గుడి కట్టించినట్టు చెప్పే తెలుగు శాసనం మనకు అందుబాటులో ఉందంటే, హిందీ ప్రాంతపు ఉద్యోగి ఒకాయన దాన్ని వదిలేయకుండా లెక్కలో చేర్చడమూ ఒక కారణం.

జాబితా రాసేవాడు లేకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతాన్ని ఒకప్పుడు ఏలిన శరభపురం రాజుల దానపు రాగిరేకులు చెబుతాయి. దాచే పద్ధతిలో వాటికి వంక పెట్టలేం. సాధారణంగా మూడు రేకులు, వాటిని గుచ్చిన కడియం, కడియానికి గజలక్ష్మి ముద్ర. మధ్యలో ఇంకో రేకు దూర్చకుండా ముద్ర కాపలా. అక్షరాలు అరిగిపోకుండా బయటి పక్క ఖాళీ. ఆరంగ్‌లో దొరికిన జయరాజు రేకులనూ, రాయ్‌పూర్ పేరుతో పిలిచే సుదేవరాజు రేకులనూ శాసన పండితుడు ఫ్లీట్ 1888లోనే అచ్చు వేశాడు. అక్షరం చెక్కుచెదరలేదు. అయినా ఆ రాజులు ఎప్పటివాళ్లో తేల్చడానికి పండితులు దశాబ్దాల తరబడి కుస్తీ పట్టారు. కారణం చిన్నది: రేకుల మీద శకం లేదు, 'రాజ్యానికొచ్చిన ఫలానా ఏట' అనే ఉంటుంది. దానం ఇచ్చిన రోజున ఊరందరికీ తెలిసిన లెక్క అది. నూరేళ్లు పోయాక ఎవరికీ తెలియదు. మన ఫోన్లలో పోస్టు కింద కనిపించే 'మూడు వారాల క్రితం' సరిగ్గా ఈ జాతిదే. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే ఏ నాటికి మూడు వారాల ముందో చెప్పేవాడుండడు. రాజధాని శరభపురం ఎక్కడుందో కూడా ఈ రేకులు చెప్పవు, రాసినవాళ్లకు ఆ అవసరం రాలేదు కాబట్టి. సిర్పూర్ అన్నారు, మల్హార్ అన్నారు, ఒడిశాలో వెతికారు, చివరికి రాజమండ్రి వైపున్న శరభవరాన్ని కూడా ప్రతిపాదించినవాళ్లున్నారు. పేరు దొరికి చోటు దొరకకపోతే వెతుకులాట మన గోదావరి దాకా రాగలదు.

కిరారీ కొయ్యస్తంభం దీనికి ఎదురు సాక్ష్యం. 1921లో, అప్పటి బిలాస్‌పూర్ జిల్లాలోని కిరారీలో హీరాబంధ్ చెరువు ఎండిపోతే, పూడిక తీసే జనానికి బురదలో ఒక కొయ్యస్తంభం దొరికింది. మీద బ్రాహ్మీ అక్షరాలు, సుమారు 2వ శతాబ్దివి. పదిహేడు వందల ఏళ్లుగా నీళ్లలో క్షేమంగా ఉన్న కొయ్య, గట్టు మీద ఎండకు ఆరేసరికి పెచ్చులూడిపోయింది. పెచ్చులతో పాటే అక్షరాలూ పోయాయి. అవి రాలిపోకముందే ఆ ఊరి పండితుడు లక్ష్మీప్రసాద్ ఉపాధ్యాయ కంటికి కనిపించినంత నకలు గీసుకున్నాడు. హీరానంద శాస్త్రి తర్వాత ఎపిగ్రాఫియా ఇండికాలో శాసనాన్ని ప్రకటించగలిగింది ప్రధానంగా ఆ నకలు ఆధారంగానే. నగరరక్షి, సేనాపతి, గణకుడు, భాండాగారికుడు, వంటశాల చూసే మహానసికుడు, ఉత్తరాలు మోసే లేఖహారకుడు - ఇలా ఒక కొలువులోని ఉద్యోగుల పేర్ల పట్టీ అది. స్తంభం ఇప్పుడు రాయ్‌పూర్ మ్యూజియంలో ఉంది. కానీ స్తంభం చెప్పిన మాట మనకు అందింది కాగితం మీద. అసలు చేతిలో ఉంటే చాలు అనుకునేవాళ్లు దీన్ని చూడాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో సేవ్ చేసుకున్న పోస్టును పెట్టినవాళ్లు తీసేస్తే మన సేవ్‌లోంచి కూడా పోతుంది. మనం దాచింది పోస్టును కాదు, దాని దగ్గరికి పోయే దారిని. అందులోని సంగతి ఒక వాక్యంగా మన దగ్గర రాసి ఉంటే అది మిగిలేది.

ఇప్పుడు యంత్రాలే వెతికిపెడుతుంటే ఈ జాబితాల గోల ఎందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, హీరాలాల్ ఏళ్ల తరబడి చేసిన పనిలో చాలా భాగం ఇవాళ సెర్చ్ క్షణంలో చేస్తుంది. అయితే రాయ్‌పూర్‌లోనే ఒక చిక్కు ఉంది. ఘాసీదాస్ అని వెతికితే ఇద్దరు వస్తారు. ఒకరు మ్యూజియం పెట్టించిన మహంతు. ఇంకొకరు సత్నామ్ పంథాన్ని నిలబెట్టిన గురు ఘాసీదాస్, ఛత్తీస్‌గఢ్‌లో అంతకంటే ఎంతో పెద్ద పేరు. జనం నోట మ్యూజియం తరచు గురు ఘాసీదాస్ మ్యూజియం అయిపోతుంటుంది. ఎక్కువమంది రాసిన పొరపాటునే యంత్రం ముందు చూపిస్తుంది, అది దాని స్వభావం. అంతకంటే ముఖ్యమైన సంగతి: యంత్రం అక్షరాలను వెతకగలదు, బొమ్మల్ని కూడా గుర్తుపట్టగలదు, కానీ ఆ పోస్టును నేను ఎందుకు ఉంచుకున్నానన్నది ఆ పోస్టులో లేదు. సిర్పూర్ వీడియో ఒకరు ఇటుకపని కోసం దాచుకుంటారు, ఒకరు ప్రయాణం కోసం, ఇంకొకరు వెనక వినిపించే పాట కోసం. ఆ కారణం రాయకపోతే వెతకడానికి మాటే ఉండదు.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది: రాగిరేకులేమిటి, రీల్సేమిటి? పప్పుచారు వీడియోకు శాసనపు హోదా ఎందుకు? నిజమే, మనం దాచేవాటిలో నూటికి తొంభై పోయినా నష్టం లేదు, పోవడమే మంచిది. కానీ రాగిరేకు కూడా దాచిన రోజున చరిత్ర కాదు. అది ఒక బ్రాహ్మణ కుటుంబం దగ్గరున్న భూమి పత్రం, ఇంటి కాగితం. ఏది నిలుస్తుందో దాచేవాడికి తెలియదు కాబట్టే అన్నిటికీ మహాగ్రంథం రాయనక్కర్లేదు, ఒక్క వాక్యం చాలంటాను. ఇక సర్దడమే వక్రీకరణ అనేవాళ్ల మాటలో బలం ఉంది. హీరాలాల్ జిల్లాల గడుల్లో సర్దాడు. ఆ గడులు పరిపాలన గీసినవి. సిర్పూర్ ఆయన పుస్తకంలో రాయ్‌పూర్ జిల్లాది, 1998 నుంచి మహాసముంద్ జిల్లాది. బార్సూర్ తెలుగు శాసనం బస్తర్ గడిలో ఉండబట్టి, తెలుగు జిల్లాల సంపుటాలు తిరగేసేవాడి కంట పడదు. అయినా గడి తప్పయినా ఊరి పేరు తప్పు కాదు. వర్గీకరణ కాలం చెల్లిపోతుంది, దొరికిన చోటు చెల్లదు. అందుకే నా దృష్టిలో కలెక్షన్లకు ముచ్చటైన పేర్లు పెట్టుకోవడం రెండో పని. ఒక్కోదాని పక్కన మూలం, తేదీ, కారణం రాసుకోవడం మొదటిది. పాపం, చాలా యాప్‌లు మొదటిదానికి చోటే ఇవ్వవు.

అచ్చు కాగితానికీ ఇదే గతి పట్టింది. మాధవరావు సప్రే 1900 జనవరిలో పేండ్రా నుంచి 'ఛత్తీస్‌గఢ్ మిత్ర' మాసపత్రిక మొదలుపెట్టి మూడేళ్లు నడిపాడు. 1901లో అందులో ఆయన రాసిన 'ఏక్ టోకరీ భర్ మిట్టీ' కథ అచ్చయింది. పాత సంచికలు ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటూనే ఉన్నాయి. కానీ హిందీలో తొలి కథ ఏది అన్న ప్రశ్నతో వాటిని తిప్పినవాళ్లు ఆరు దశాబ్దాలు దాటాకే వచ్చారు. 1960ల చివర 'సారిక' పత్రికలో మళ్లీ అచ్చయ్యాకే ఆ కథ చర్చలోకి ఎక్కింది. అంతవరకూ అది పోయినదీ కాదు, ఉన్నదీ కాదు. ఊళ్ల చరిత్రలైన మన కైఫీయతులదీ దగ్గర కథే: వాటిని పోగుచేయించిన మెకంజీ 1821లో చనిపోయాక, ఏ కట్టలో ఏముందో బాగా తెలిసిన ఆయన సహాయకుడు కావలి లక్ష్మయ్యను ఏషియాటిక్ సొసైటీ పక్కన పెట్టింది. కేటలాగు విల్సన్ చేతుల మీదుగా 1828లో వచ్చింది, కానీ పోగుచేసినవాడి ఎరుక అందులో అంతగా లేదు.

రాయ్‌పూర్ జిల్లాలోనే ఇప్పుడు తులసీ అనే ఊరుంది. నాలుగు వేల జనాభాలో వెయ్యిమంది దాకా యూట్యూబ్ వీడియోల పనిలో ఉన్నారని పేరుపడ్డ ఊరు. ఛత్తీస్‌గఢీ హాస్యం, పల్లె కథలు, అత్తాకోడళ్ల తగవులు అన్నీ అక్కడే తీస్తారు, నటులూ ఊరివాళ్లే. 2023లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ఊళ్లో ఒక స్టూడియో కట్టించింది. ఒక భాష పలుకుబడి, పొలాలు, ఇళ్లు, నగలు ఇంత విరివిగా నమోదవడం ఈ ప్రాంత చరిత్రలో మునుపు లేదు. ఇదంతా పరాయి కంపెనీల పెట్టెల్లో ఉంది. ఆ పెట్టెలు మూతపడవన్న హామీ ఏదీ లేదు: చదవాల్సినవాటిని దాచుకునే 'పాకెట్' సేవను మొజిల్లా 2025 జూలైలో మూసేసింది. వాడుకదారులకు వెనక్కి వచ్చింది శీర్షికలు, లంకెలు, చేర్చిన తేదీలు, వాళ్లు తగిలించుకున్న గుర్తులు, అంటే ఒక జాబితా. గుర్తులు పెట్టుకున్నవాళ్లకు అది పనికొచ్చింది, పెట్టుకోనివాళ్లకు లంకెల గుట్ట మిగిలింది. స్టూడియో ఇచ్చిన ప్రభుత్వం తులసీకి ఒక జాబితా రాసేవాణ్ణి కూడా ఇవ్వవచ్చు. ఏ వీడియో ఏ పొలం గట్టున, ఏ ఏట తీశారు, అందులో ఆడినవాళ్లెవరు, పాడిన పాట ఏ పండగది అని రాసుకుంటూ పోయే ఉద్యోగి. నూరేళ్ల కిందట ఇక్కడి సర్కారు జీతం తీసుకుంటూనే హీరాలాల్ ఆ పని చేశాడు.