సీతమ్మ పాఠం చేసిన పని



ఏదైనా మంచి పనికి పదిమందినీ కూడగట్టాలంటే ప్రచారం కావాలంటాం. ప్రచారం అనగానే మనకి గోడలమీద పోస్టర్లు, మైకులు, పత్రికల్లో ప్రకటనలు గుర్తుకొస్తాయి. వాటికి డబ్బూ, పలుకుబడీ కావాలి, మనవల్ల ఏమవుతుందిలే అని ఊరుకుంటాం. కాని 1990లలో మన తెలుగునాట, అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న కూలి స్త్రీలు ప్రభుత్వం చేతనే సారా మాన్పించారు. వాళ్ళ మాట ఊరూరా ఎలా పాకిందో చూద్దాం.

ఆ రోజుల్లో సారా చిన్న చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో గడపదాకా వచ్చేది. మగవాడి కూలి సాయంత్రానికల్లా అంగడి పాలు. ఆడదాని కూలితో ఇల్లు గడవాలి. అదీ ఇమ్మని చెయ్యి చాస్తే, ఇవ్వకపోతే దెబ్బలు. ఇక ప్రభుత్వం మాటా? 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలున్న ఆబ్కారీ రాబడి, 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. అంత రాబడిని ఎవరు వదులుకుంటారు చెప్పండి!

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. కళాజాతా బృందాలు ఊరూరా తిరిగి పాటలు పాడి, వీధి నాటకాలు ఆడాయి. రాత్రిళ్ళు పనులు ముగించుకుని ఆడవాళ్ళు పలకలు పట్టుకొచ్చేవారు. వాళ్ళ వాచకంలో సారాని ఎదిరించిన సీతమ్మ కథ ఒకటి ఉంది. పాఠం చదవటంతో సరిపోలేదు. "మరి మన ఊళ్ళో సంగతేమిటి?" అన్న ప్రశ్న పుట్టింది. సీతమ్మ కష్టం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే కదండీ!

దూబగుంట స్త్రీలు రోశమ్మ వంటివారి వెంట నడిచి తమ ఊరి సారా అంగడి మూయించారు. ఆ కథే తరువాతి వాచకంలో "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠమయింది. అది చదివిన పక్క ఊళ్ళవాళ్ళు, "దూబగుంటవాళ్ళకి చేతనైంది మనకి చేతకాదా?" అనుకున్నారు. పై నుంచి వచ్చిన నీతిబోధ కన్నా తనలాంటి మనిషి చేసిన పని ఎంత బలంగా నాటుకుంటుందో చూశారా!

ఇంకో సంగతి గమనించండి. వాళ్ళు కోరిన కోరిక ఒక్కటే, అదీ చంటిపిల్లకైనా అర్థమయ్యేది: మా ఊళ్ళో సారా వద్దు. తాగే మనిషిని తిట్టి ఊరుకోలేదు. అమ్మే అంగడినీ, ఆ అంగడికి మూలమైన వేలం పాటనీ పట్టుకున్నారు. చీపుర్లూ, కారప్పొడీ చేతబట్టి కాపలా కాశారు. 1992లో నెల్లూరులో సారా వేలం పదే పదే వాయిదా పడింది. అప్పుడు పత్రికలు అందుకున్నాయి. "ఈనాడు" వంటి దినపత్రిక ఈ వార్తలకి ప్రత్యేకంగా చోటిచ్చింది. ఒక ఊరి వార్త పొద్దున్నే వంద ఊళ్ళకి చేరింది. పత్రిక నిప్పుని రాజెయ్యలేదు, రాజుకున్న నిప్పుని విసిరింది, అంతే.

ఫలితం? 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

అక్కడితో కథ సుఖాంతమైతే బాగుండేది. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. సర్కారు సారా మళ్ళీ రాలేదు గాని, సీసాల మద్యం తిరిగొచ్చింది. గెలిచామని జనం ఇళ్ళకి వెళ్ళిపోయాక, ఖజానా లెక్కలు చెప్పేవాళ్ళదే పైమాటయింది. ప్రచారం గెలుపు తెస్తుంది. దాన్ని నిలుపుకోవటానికి మాత్రం మనుషులు కలిసే ఉండాలి.

మీ పేటలో నీళ్ళ కోసమో, బడి కోసమో నలుగురినీ పోగెయ్యాలనుకుంటే ముందు పోస్టరు సంగతి ఆలోచించకండి. పక్కింటావిడ కష్టం ఆవిడ మాటల్లోనే వినండి. కోరిక ఒక్కటే పెట్టుకోండి. అది ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. పని నెరవేరాక కూడా నెలకోసారైనా కలుసుకోండి. సీతమ్మ పాఠంలో మనం ఇంకా పూర్తిగా చదవని పుట అదే.